కొంగ ముక్కు తెరుచుకోవాలి

బకాసురుడంటే మనకు ముందు గుర్తొచ్చేది బండెడు అన్నం తిని భీముడి చేతిలో చచ్చినవాడు. మాజులీలో ఒక కుర్రాడు మాస్కుగా చేస్తుండగా నేను చూసింది ఇంకో బకాసురుణ్ణి. భాగవతంలో కొంగ రూపంలో వచ్చి బాలకృష్ణుణ్ణి మింగబోయినవాణ్ణి. కృష్ణుడు ఆ కొంగ ముక్కును రెండు చేతులా పట్టుకుని చీల్చేస్తాడు కదా, అందుకే ఈ మాస్కుకు ముక్కు తెరుచుకుని తీరాలి. పనంతా ఆ ముక్కు కోసమే.

మాజులీ అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న పెద్ద లంక. జోర్హాట్ దగ్గర నిమాతీ ఘాట్‌లో పడవెక్కి వెళ్ళొచ్చు. చదువురాని వాళ్ళకు కూడా భాగవత కథలు తెలియాలని వైష్ణవ గురువు శంకరదేవుడు ఐదొందల ఏళ్ళ కిందట మొదలుపెట్టిన నాటకాలను అక్కడ భావనా అంటారు. వాటిలో రాక్షసులకూ పక్షులకూ పాములకూ పెట్టే మాస్కే ‘ముఖా’. ఈ పనికి పేరుపడ్డది సమాగురి సత్రం. అక్కడ సత్రమంటే వైష్ణవ మఠం. ఆ సత్రంలో జీవితమంతా ఇదే నేర్పుతూ వచ్చిన హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో మాజులీ ముఖాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మొదట వెదురు. మరీ లేతదైతే ఎండాక ముడుచుకుపోతుంది, ముదిరితే వంగదు. నరికిన బొంగును కొన్నాళ్ళు నీళ్ళలో నానబెడితే పురుగు పట్టదు. తర్వాత బద్దలుగా చీల్చి, ఆరు మూలల కన్నులు వచ్చేలా తల ఆకారం అల్లుతారు. మన మేదరివాళ్ళు గంప అల్లుతుంటే చూసినవాళ్ళకు ఆ చేతుల కదలిక కొత్తగా అనిపించదు. కుర్రాడు తలను ఒక ముక్కగా, కింది ముక్కును విడిగా అల్లాడు. దవడ కదిలే ఇలాంటి వాటిని ‘లొటొకాయ్’ ముఖా అంటారు.

పాత నమూనా ఒకటి గోడకు వేలాడుతోంది. దాని ముక్కు సన్నగా, తిన్నగా ఉంది. ఇతను అల్లుతున్నది మొదట్లో లావుగా, కత్తి మొనలా చివరికి సన్నబడుతోంది. ఎందుకని అడిగితే బయటికి, ఏటి వైపు చూపించాడు. చిన్నప్పటి నుంచి ఇసుక తిన్నెల మీద చూస్తున్న ‘హర్గిలా’ పక్షి అట అది. బట్టతల, పసుపు మెడ, మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు. హర్గిలా అంటే ఎముకలు మింగేదని అర్థం. కృష్ణుణ్ణి మింగబోయిన కొంగకు తన లంక మీది పక్షి ముఖమే పెడుతున్నాడన్నమాట. సంప్రదాయాన్ని ఇంతకంటే దగ్గరగా పట్టుకోవడం ఎలాగో నాకు తెలియదు.

ఇక మట్టి. కుమ్మరి మన్నును నీళ్ళలో కలిపి, రాళ్ళూ వేళ్ళూ తీసేసి, జారుగా చేస్తారు. నూలు గుడ్డ ముక్కలను అందులో ముంచి వెదురు అల్లిక మీద ఒకదాని అంచు మీద ఒకటి పరుస్తారు. గుడ్డకూ అల్లికకూ మధ్య గాలి బుడగ మిగలకూడదు. కుర్రాడు బొటనవేలితో మధ్యలోంచి అంచులకు నొక్కుకుంటూ పోతాడు, చపాతీ ఒత్తినంత మెల్లగా.

తర్వాత ఎండ. కుర్రాడు ఎక్కువగా మాట్లాడింది దీని గురించే. “తొందరపడితే నెర్రె వస్తుంది దాదా” అన్నాడు. నిప్పు సెగకు ఆరబెడితే పైపొర ఆరి లోపల తడి ఉండిపోతుందట. మబ్బు పట్టిన రోజు పని ఆగిపోవలసిందే. మొత్తం పది పదిహేను రోజులు పట్టేది ఇందుకే.

ఆరాక మట్టిలో ఆవుపేడ కలిపి కనుబొమలు, కళ్ళ గూళ్ళు, ముక్కు మొదట్లో గంటు దిద్దుతాడు. పేడ ఉంటే మట్టి పగలదు, బరువూ తగ్గుతుంది. ఆ బరువే అసలు సంగతి. రాత్రంతా దీన్ని మొహానికి కట్టుకుని ఎగరాల్సింది ఒక మనిషి. తడి పూర్తిగా ఆరకముందే ‘కొర్ధోని’ అనే వెదురు పనిముట్టుతో రుద్ది నున్నగా చేస్తారు. కంటి కింద ముడత ఒక్కటే మూడుసార్లు తుడిచేసి మళ్ళీ దిద్దాడు.

రంగుల సంగతి క్లుప్తంగానే చెబుతాను. పూర్వం ఇంగిలీకం, హరిదళం వాడేవారు, ఇప్పుడు కొనుక్కొచ్చిన రంగులూ వాడుతున్నారు. వెంట్రుకలకు జనపనార, ఎండిన గుర్రపుడెక్క.

ఈ సామగ్రిలో చాలావరకు ఆ లంక ఇచ్చినదే. ఆ లంకనే ఏరు కోసేస్తోంది. 1950 ఆగస్టు 15 నాటి పెద్ద భూకంపం తర్వాత నది అడుగు మేటవేసి, వరదలూ ఒడ్డు కోతా పెరిగాయి. కొన్ని సత్రాలు సామానుతో సహా అవతలి గట్టుకు తరలిపోయాయి. మన్ను మోసుకొచ్చి పోసేదీ, కోసుకుపోయేదీ ఒకే నీరు. పడవలో తిరిగొస్తున్నప్పుడు విరిగిపడ్డ గట్టు అంచున వెదురు పొద ఒకటి వేళ్ళతో వేలాడుతూ కనబడింది. నాకు గొంతు పట్టేసింది.

చివరి పని దవడ. కింది ముక్కును రెండు చెవుల దగ్గరా తాడుతో కడతారు. లోపలి మనిషి గడ్డం దించితే ముక్కు తెరుచుకోవాలి, ఎత్తితే టక్కున మూసుకోవాలి. కుర్రాడు తానే తగిలించుకుని నాలుగు మాటలు పలికాడు. ఎడమ వైపు తాడు వదులుగా ఉందని విప్పి మళ్ళీ ముడేశాడు.

తర్వాత రాస్ ఉత్సవంలో కృష్ణుడి వేషం వేసే పిల్లవాణ్ణి పిలిచాడు. తొమ్మిదేళ్ళుంటాయేమో. వాడు పై ముక్కును ఒక చేత్తో, కింది ముక్కును ఇంకో చేత్తో పట్టుకుని లాగాడు. కింది ముక్కు లావుకు చిన్న వేళ్ళు చుట్టూ అందలేదు, జారిపోయాయి. కుర్రాడు ఏమీ అనలేదు. పిల్లవాడి పిడికిలిని తన చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళతో కొలిచి, వేసిన రంగు మీదే బొగ్గుతో గీత పెట్టాడు. అక్కడి దాకా మట్టి గీకేసి, మళ్ళీ గుడ్డ పరిచి, మళ్ళీ ఎండబెట్టాలి.