బడిలో తెర వెలుగుచున్నదా?

1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరకాలము ‘సైట్’ ప్రయోగమున ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ ప్రసారములు అందినవి. వానిలో తెలుగు గ్రామములును కలవు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము ఊరివారికి. విద్యుత్తు లేని కొన్ని గ్రామములలో పెట్టెలను బ్యాటరీలతో నడిపిరి! ఉపగ్రహము అమెరికావారిది; గడువు తీరగనే మరలించుకొనిరి.

నేడు తరగతి గదులకే పెద్ద తెరలు వచ్చుచున్నవి. కొనుటకంటె నడుపుట కష్టమని మా అభిప్రాయము. కప్పు కారియో, ఎర్తు లేకయో తెర మూలపడినచో నష్టపోవునది ట్యూషనుకు సొమ్ములేని ఇంటి బిడ్డయే.

కావున సభ్యులారా, నెలకొకమారు పాఠము జరుగుచుండగా బడికి పోయి వెనుక వరుసలో కూర్చుండుడు. అక్షరములు కనబడుచున్నవా? మాట వినబడుచున్నదా? చెడిపోయిన తేదీని, మరమ్మతునకు వ్రాసిన తేదీని రిజిస్టరులో ఎక్కించి, తదుపరి సమావేశమున చదివించుడు.