చిలికా సరస్సునకు క్రొత్త మొగ

నదీజలము సముద్రజలముతో కలియు తావున నీరు పూర్తిగా తీపియు కాదు, పూర్తిగా ఉప్పును కాదు. ఆ మిశ్రమమే అచటి జీవరాశికి ఆధారము. రొయ్యలును పలుజాతుల చేపలును పిల్లలుగా నుండగా అట్టి నీటిలోనే పెరిగి, పిదప కడలి చేరును. కావున సముద్రద్వారము, అనగా మొగ, పూడినచో దానిని నమ్మి బ్రతుకు కుటుంబములకే హాని కలుగును. ఈ సత్యమునకు ఒడిశాలోని చిలికా సరస్సు చక్కని నిదర్శనము.

పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో వ్యాపించిన ఈ సరస్సు వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లును, వర్షకాలమున 1,100కు పైగాను విస్తరించి యుండును. మహానది పాయలైన దయా, భార్గవి నదులు దీనికి తీపినీటితో పాటు ఒండ్రును కూడ తెచ్చును. ఇచ్చటి జాలరులలో ఒడియా సోదరులే గాక తెలుగు మాటలాడు నోలియాలును కలరు.

1981లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరెను. కాని కాలక్రమమున ఒండ్రు మేటవేసి, కడలికి పోవు పొడవైన కాలువ పూడసాగెను. పోటునీరు లోనికి రాక ఉప్పదనము తగ్గెను, కలుపు మొక్కలు క్రమ్ముకొనెను, చేపలు తరిగెను. 1993లో చిలికా, ఆపదలోనున్న చిత్తడినేలల మాంట్రూ పట్టిక కెక్కెను.

ఒడిశా ప్రభుత్వము 1991లోనే చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థను స్థాపించి యుండెను. పూణెలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధన సంస్థ వంటి సంస్థలచే నీటి నడకను పరిశీలింపజేసి, 2000 సెప్టెంబరు 23న సిపకుడ వద్ద ఇసుకగట్టును కోయించి క్రొత్త మొగను తెరపించిరి. కడలికి దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గెను. 1999–2000లో సుమారు 1,700 టన్నులుగా నున్న మత్స్యసంపద 2001–02 నాటికి 12,000 టన్నులకు చేరువయ్యెను. 2002లో చిలికా మాంట్రూ పట్టికనుండి తొలగింపబడెను. ఆసియాలో ఇట్టి భాగ్యము దీనికే మొదట లభించెను. ఆ సంవత్సరమే సంస్థకు రామ్‌సర్ పురస్కారము దక్కెను.

అంతటితో పని ముగిసిన దనుకొనరాదు. ఎగువ కొండలపై చెట్లు తరిగినచో మట్టి మరల సరస్సున జేరును. అందుచే పరీవాహక గ్రామములలో మొక్కలు నాటించుటయు, చిన్న అడ్డుకట్టలు కట్టించుటయు జరిగెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానము చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులను నిషేధించెను. అయినను సరస్సులోనే కట్టలు, వలలు కట్టిన ఘేరీలు వెలయుచునే వచ్చెను. ప్రభుత్వము వానిని పలుమారులు తొలగింపవలసి వచ్చెను. కొందరి లాభమునకై కట్టిన ఘేరీ చేపపిల్ల దారిని, పేద జాలరి పడవ దారిని కూడ అడ్డగించును.

ప్రభుత్వము మొగను తెరవగలదు. దానిని పూడనీయక కాపాడుకొనుట ప్రజల వంతు. తల్లిదండ్రులు సెలవు దినములలో బిడ్డలను రంభ తీరమునకు తోడ్కొని పోయి, ఒండ్రును, పడవలను, పక్షులను చూపి, ఈ కథను వినిపింతురు గాక. నీటి విలువ నెరిగిన బాలుడే రేపు దానికి కావలివాడు కాగలడు.