రాత్రంతా తిరిగే మీటరు

ప్రశ్న: టెస్టింగుకు తీసుకున్న క్లౌడ్ మెషీన్ రాత్రిళ్లు ఊరికే ఉన్నా బిల్లు పడుతోంది. దానంతటదే ఆగి, పొద్దున లేచేలా చేయొచ్చా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చేయొచ్చు. వారానికి 168 గంటలు. రోజుకు 9 గంటల చొప్పున ఆరు రోజులు నడిచే ఆఫీసు వాడేది 54. మిగతా 114 గంటల అద్దె దండగే.

చాలామంది పొరబడేది ఆపే తీరులో. అజూర్‌లో మెషీన్ లోపలి నుంచి షట్‌డౌన్ కొడితే అద్దె ఆగదు. పోర్టల్‌లో స్టాప్ నొక్కి డీఅలోకేట్ చేయాల్సిందే. గూగుల్ క్లౌడ్‌లో సస్పెండ్ చేస్తే తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే తిరిగొస్తాయి. అలా సస్పెండ్‌లో ఉంచగలిగే గడువు 60 రోజులు. డిస్కుకు, దాచిన మెమరీకి మాత్రం డబ్బు పడుతూనే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో దీన్ని హైబర్నేట్ అంటారు. మెషీన్ సృష్టించేటప్పుడే ఆ ఆప్షన్ ఎంచుకోవాలి, తర్వాత కుదరదు.

టైము చూసి ఆపడం తేలిక. ఖాళీని పసిగట్టడమే చిక్కు. సీపీయూ అరగంటపాటు 5 శాతం దాటకపోతే ఆపమని ఏడబ్ల్యూఎస్ వారి క్లౌడ్‌వాచ్‌లో అలారం పెట్టొచ్చు. అయితే ఎవరో పెద్ద ఫైలు దించుకుంటుంటే అదీ మధ్యలోనే తెగుతుంది, కాబట్టి నెట్‌వర్క్ రాకపోకల్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆగిన మెషీన్ తనను తాను లేపుకోలేదు. లేపే షెడ్యూలు బయటే ఉండాలి.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే వేళ వచ్చిపడేలాంటి రద్దీని తట్టుకోవాల్సిన సర్వర్లకు ఈ ఆపి లేపే పద్ధతి నప్పదు. లేవడానికి పట్టే నిమిషం కూడా అక్కడ ఎక్కువే.