కీర్తనలలోని అలంకారములు: వాటిని చదువవలసిన విధము

పఠనీయ భాగములు: నిర్గమకాండము 14, 15 అధ్యాయములు, 91వ కీర్తన, మత్తయి 4:5–7.



బైబిలులో యోబు, కీర్తనలు, సామెతలు, ప్రసంగి, పరమగీతము అను అయిదు గ్రంథములను కావ్యగ్రంథములని పిలుచుట వాడుక. ఇవి గాక ప్రవక్తల మాటలలోను చాల భాగము పద్యరూపమున నున్నది. అయినను మనలో అనేకులు కీర్తనను చదువునప్పుడు కరణముగారి లెక్కపుస్తకమును చదివినట్లు చదువుదురు. మరికొందరు, “అది కవిత్వమే గదా” అని చులకనగా దాటిపోవుదురు. ఈ రెండును నష్టకరములే. కావున ఈ నెల పాఠములో కవిత్వమునకు సంబంధించిన కొన్ని మాటలను నేర్చుకొందము. చదువు తక్కువైన వారు భయపడనక్కరలేదు. పేర్లు క్రొత్తవైనను సంగతులు మన నోట దినదినము ఆడుచున్నవే.

1. హెబ్రీ పద్యము యొక్క నడక

తెలుగు పద్యమునకు గణములు, యతి, ప్రాస అను కట్టుబాట్లు గలవు. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. పదియవ అక్షరము యతిస్థానము. నాలుగు పాదములలోను రెండవ అక్షరమునకు ప్రాస కుదురవలెను. ఇవి చెవికి సంబంధించిన నియమములు గనుక వేరొక భాషలోనికి మార్చిన వెంటనే చెదరిపోవును.

హెబ్రీ పద్యములో ముఖ్యమైనది తలంపునకు తలంపు జత కలియుట. దీనిని సమాంతరత అందురు. ఆక్సుఫర్డులో కావ్యశాస్త్ర ఆచార్యుడైన రాబర్ట్ లోత్ అను పండితుడు 1753లో లాటిను భాషలో ప్రచురించిన ఉపన్యాసములలో దీనిని మూడు విధములుగా విభజించి చూపెను.

మొదటిది సమానార్థకము: మొదటి పాదములోని తలంపునే రెండవ పాదము వేరు మాటలతో చెప్పును. 19వ కీర్తన మొదటి వచనము చూడుడి. ఆకాశములు చేయు పనినే అంతరిక్షమును చేయుచున్నది. ఇచ్చట రెండు మాటలున్నవి గదా యని రెండు వేర్వేరు మర్మములు వెదకనక్కరలేదు. రెండవది విరుద్ధార్థకము: ఒక పాదమునకు ఎదురుగా రెండవది నిలుచును. మొదటి కీర్తన చివరి వచనములో నీతిమంతుల మార్గమును దుష్టుల మార్గమును ఎదురెదురుగా నిలిపిరి. మూడవది పూరకము: రెండవ పాదము మొదటి దానిని ముందుకు నడిపించును. 3వ కీర్తన 4వ వచనములో మొదట మొఱ్ఱ, పిమ్మట దానికి జవాబు.

తలంపుల జత గనుకనే ఇది అనువాదములోను నిలిచియున్నది. ఎరూషలేములో పాడిన పాట మన పల్లెలోని దీపము వెలుతురున చదివినను దాని నడక మనకు అందుచున్నది. అయితే కొన్ని అందములు అనువాదమున అందవు. 119వ కీర్తన 176 వచనములు గలది. హెబ్రీ అక్షరములు 22. ఒక్కొక్క అక్షరముతో ఎనిమిదేసి వచనములు మొదలగును. మన భాషలో ఆ వరుస కనబడదు.

పల్లవి మనమెరిగినదే. 136వ కీర్తనలో 26 వచనములున్నవి. ప్రతి వచనమును ఒకే మాటతో ముగియును. కీర్తన పాడునప్పుడు ఒకరు చరణమును ఎత్తుకొనగా సంఘమంతయు పల్లవిని అందుకొనునట్టిదే ఇది.

2. నాలుగు అలంకారములు

ఉపమ. ఇందులో నాలుగు అంగములుండును. 42వ కీర్తనలో భక్తుడు తన ప్రాణమును దప్పిగొన్న దుప్పితో పోల్చెను. ప్రాణము ఉపమేయము, దుప్పి ఉపమానము, రెంటికిని ఉన్న తీరని ఆశ సమానధర్మము, ‘వలె’, ‘అట్లు’ వంటి మాట ఉపమావాచకము.

రూపకము. ఇందులో ‘వలె’ అను మాట ఉండదు. ఇది అదియే యని చెప్పుదురు. దేవుడు కొండ, కోట, కేడెము అని 18వ కీర్తన చెప్పుచున్నది. మనమును “వాని గుండె రాయి” అందుము.

చేతనత్వారోపము. ప్రాణము లేని దానికి ప్రాణులు చేయు పనిని అంటగట్టుట. యెషయా 55వ అధ్యాయములో చెట్లు చప్పట్లు కొట్టుచున్నవి.

అతిశయోక్తి. హృదయభారమును చెప్పుటకు ఉన్న దానికంటె మించి చెప్పుట. 6వ కీర్తనలో భక్తుని కన్నీటికి పరుపు తేలుచున్నది. కొడుకు కొరకు ఎదురుచూచిన తల్లి “కండ్లు కాయలు కాచినవి” అనును. ఆమెను కండ్ల వైద్యుని యొద్దకు ఎవరును తీసికొనిపోరు. ఆమె అబద్ధమాడెనని కూడ ఎవరును అనరు.

3. ఒకే సంగతి, రెండు విధముల మాట

నిర్గమకాండము 14, 15 అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. 14వ అధ్యాయము వచనములో చెప్పిన చరిత్ర: రాత్రి అంతయు బలమైన తూర్పుగాలి వీచగా సముద్రము తొలగెను. 15వ అధ్యాయము పాట: అందులో ఆ గాలి దేవుని నాసికల ఊపిరి ఆయెను. ఫరో సైన్యము కొయ్యకాలువలె కాలెను, రాతివలె మునిగెను, భూమి వారిని మ్రింగెను. ఒకే సైన్యము కాలుట, మునుగుట, భూమిలో దిగుట ఎట్లు కుదురును? లెక్కగా చదివిన వానికి ఇది చిక్కు. పాటగా చదివిన వానికి చిక్కు లేదు. వారి నాశనము సంపూర్ణమైనదని మూడు బొమ్మలు ఒకే సత్యమును చెప్పుచున్నవి.

4. తప్పుగా చదువుట వలన కలుగు గాయము

ఈ పాఠము పండితుల వేడుక కొరకు కాదు. పొలములో పాము కరచి బిడ్డను పోగొట్టుకొన్న ఇండ్లకు మేము వెళ్లియున్నాము. అట్టి ఇంట 91వ కీర్తన తెరచి, “సర్పమును త్రొక్కుదువని వ్రాయబడియుండగా మా బిడ్డకు ఎందుకిట్లాయెను?” అని అడిగిన వారున్నారు. ఓదార్చ వచ్చినవారు, “మీ విశ్వాసము చాలలేదు” అని చెప్పి పోయిరి. ఏడ్చుచున్న తల్లి మీద ఇంకొక బరువు పెట్టిరి.

ఆ కీర్తననే జాగ్రత్తగా చూతము. నాలుగవ వచనములో దేవునికి రెక్కలు, ఈకలు ఉన్నవి. దేవునికి నిజముగా ఈకలున్నవని మనలో ఎవరును అనుకొనరు. 4వ వచనమును పాటగా చదివి, 13వ వచనమును హామీపత్రముగా చదువుట న్యాయమా? రెక్కల బొమ్మలోని సమానధర్మమేమి? తల్లికోడి ఆకాశములో గ్రద్ద లేకుండ చేయదు. గ్రద్ద వచ్చినప్పుడు పిల్లలను తన క్రిందికి చేర్చుకొనును. అదే కీర్తన 15వ వచనములో, శ్రమ కలిగినప్పుడు దేవుడు విడువక దగ్గర నుండునని యున్నది. శ్రమయే రాదనినచో ఆ మాటకు చోటెక్కడ?

మరియొక సంగతి. ఈ కీర్తనను అక్షరార్థమైన హామీగా ఎత్తి చూపినవాడు ఎవడు? దేవాలయ శిఖరము మీద నిలిచిన శోధకుడే. ప్రభువు దూకలేదు. ద్వితీయోపదేశకాండము నుండి జవాబు చెప్పి, దేవుని శోధింపకూడదనెను. ఆయన తరువాత సిలువ గాయములను పొందెను. ఆయన విశ్వాసము తక్కువైనదని చెప్పుటకు ఎవరికి నోరాడును?

కావున దుఃఖములో నున్నవారితో, మీ విశ్వాసము తప్పిపోలేదని చెప్పుడి. పాము కరచిన వానిని ప్రార్థన కొరకని ఇంట ఆపకుడి. కట్టు బిగింపక, కోయక, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చుడి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషమునకు అచ్చట విరుగుడు మందు గలదు. దారి పొడుగునను ప్రార్థింపవచ్చును.

5. చదువునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు

ఇది చరిత్రయా, పాటయా? ఇందులోని బొమ్మ ఏది? ఆ బొమ్మలో సమానధర్మమేది? ఈ మూడవ ప్రశ్న ముఖ్యము. ప్రభువు కాపరి అనునప్పుడు కాపుదల, నడిపింపు, మేత మన తలంపునకు రావలెను. మన ఊరి కాపరి గొర్రెలను అంగడికి తోలుట కూడ కలదు. దానిని బొమ్మలోనికి తేకూడదు. కొండ అనునప్పుడు దాని స్థిరత్వమును తీసికొందుము గాని దాని జాలిలేనితనమును తీసికొనము.

అలంకారము సత్యమును తగ్గించునది కాదు. “కండ్లు కాయలు కాచినవి” అను తల్లి మాటలో కాయలు లేవు గాని ప్రేమ యున్నది. రెక్కల మాటలో ఈకలు లేవు గాని ఆశ్రయము నిజముగా ఉన్నది.

ఇంటివద్ద చేయవలసిన పాఠము: (1) మొదటి కీర్తనలో ఉపమలు రెండు గలవు, వాటి సమానధర్మములను వ్రాయుడి. (2) 114వ కీర్తనలో చేతనత్వారోపము ఎచ్చట నున్నది? (3) 42, 43 కీర్తనలను కలిపి చదివి, వాటిలో పల్లవి ఎన్నిమారులు వచ్చెనో లెక్కింపుడి. (4) మీ ఇంట వాడు మాటలలో అతిశయోక్తులు మూడు చెప్పుడి.