వేగం రెట్టింపైతే?

విద్యార్థులారా! కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. 15 మీటర్ల ముందు ఒక బాలుడు సైకిలుపై అడ్డం వచ్చాడు. డ్రైవరు చూచి బ్రేకు తొక్కేలోగా ఒక సెకను గడుస్తుంది. ఈలోగా కారు సుమారు 8 మీటర్లు సాగుతుంది. పొడి రోడ్డయితే మరో 5 మీటర్లకు ఆగుతుంది. బాలుడు క్షేమం!

వేగం 60 అయితే? ఆ ఒక్క సెకనులోనే కారు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే, బ్రేకు పడకముందే ఢీకొంటుంది! గతిజశక్తి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కదా! అందుచేత బ్రేకు పడ్డాక కూడా ఆగడానికి నాలుగు రెట్ల దూరం, అనగా 20 మీటర్లు కావాలి.

కనుకనే వీధులలో స్పీడ్ బ్రేకర్లు, ఫుట్‌పాత్‌లు, సైకిళ్లకు వేరే బాటలు అవసరం. నార్వే రాజధాని ఓస్లోలో వాహనాల వేగం తగ్గించి, సైకిలు బాటలు పెంచారు. 2019లో అక్కడి రోడ్డు ప్రమాదాలలో పాదచారులు గాని, సైకిలుపై వెళ్లేవారు గాని ఒక్కరూ మరణించలేదు.

మీ బడి గేటు ముందు 15 మీటర్లు టేపుతో కొలిచి చూడండి. ఆ దూరం ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.