మారుచున్న వానలు – జలవిద్యుత్తు

బరంపురములో సాయంకాలమున మనము మీట నొక్కగనే వెలుగు దీపమునకును, ఎక్కడనో కోరాపుట్ కొండలలో కురిసిన వానకును సంబంధము కలదని విద్యార్థులలో పలువు రెరుగరు. మన గంజాము జిల్లాలో రుషికుల్య పెద్ద నదియే గాని, దానిపై పెద్ద విద్యుత్కేంద్ర మేదియు లేదు. మనకు విద్యుత్తు దూరప్రాంతములనుండి తీగెలమీదుగా వచ్చును. అందు అధికభాగము బొగ్గువలనను, కొంత నీటివలనను పుట్టినది. ఆ నీటిని గూర్చియే యీ పాఠము.

ఆంధ్ర, ఒడిషాల సరిహద్దున మాచ్‌ఖండ్ నది డుడుమవద్ద 150 మీటర్లకు పైబడిన యెత్తునుండి దూకుచున్నది. దానిని వినియోగించుటకై 1946లో నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. ఎగువను జోలాపుట్ వద్ద ఆనకట్ట లేచినది; 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైనది. కేంద్రముయొక్క సామర్థ్యము సుమారు 120 మెగావాట్లు. ఆ నదియే దిగువను సీలేరను పేర బలిమెల జలాశయమును నింపును. అచటి నీటిని రెండు రాష్ట్రములును సరిసగముగా పంచుకొనును. ఒడిషా భాగము 510 మెగావాట్ల బలిమెల కేంద్రమును నడపి మల్కనగిరి పొలములకు పోవును. ఆంధ్ర భాగము ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రములను దాటి శబరిలో కలిసి గోదావరిని చేరును. గోదావరి డెల్టాలో రబీ వరిపైరు ఎండిపోకుండ కాపాడునది పలు సంవత్సరములలో ఈ సీలేరు నీరే. ఒక్క నీటిబొట్టు నాలుగు తావుల యంత్రములను త్రిప్పి, తుదకు పైరునకు ప్రాణము పోయుచున్నదన్నమాట. ఈ వెలుగునకు మూల్యము చెల్లించినవారు వేరే యున్నారు. బలిమెల జలాశయము నిండినప్పుడు బాహ్యప్రపంచమునుండి తెగిపోయిన గ్రామములకు గురుప్రియ వంతెన 2018లో గాని లభింపలేదు.

ఇక లెక్కకు వత్తము. సెకనునకు ఒక ఘనపు మీటరు నీరు, అనగా వేయి కిలోగ్రాములు, నూరు మీటర్ల యెత్తునుండి పడిన యెడల 980 కిలోవాట్ల శక్తి లభించును. యంత్రములలో కొంత వ్యర్థమగును గనుక దానిలో పదింట తొమ్మిది వంతులు చేతికి వచ్చునని యనుకొనుడు. ఎత్తు మారదు, కావున శక్తి యంతయు ప్రవాహముపై ఆధారపడియున్నది. సెకనునకు 10 ఘనపు మీటర్లను మాత్రమే పుచ్చుకొనగల కేంద్రమొకటి కలదనుకొందము. మొదటి నెల 10, రెండవ నెల 10 ప్రవహించిన దానికి లభించునది 20. మొదటి నెల 18, రెండవ నెల 2 ప్రవహించినచో మొత్తము నీరు అంతియే; కాని మొదటి నెల 8 వంతులు యంత్రమును తాకకయే పొరలిపోవును; మిగులునది 12 మాత్రమే. సగటు వర్షపాతము తగ్గకపోయినను ఉత్పత్తి తగ్గుటకు కారణ మిదియే. పెద్ద జలాశయమున్న చోట ఆ 8 వంతులను దాచుకొనవచ్చును. అయితే జలాశయము ముందే నిండియున్న యెడల అదియు సాధ్యము కాదు.

వానలు ఇట్లు అసమానముగా కురియుట యేల? వేడిగాలి చల్లని గాలికంటె అధికముగా నీటియావిరిని భరింపగలదు. ఉష్ణము ఒక్క డిగ్రీ పెరిగిన, ఆ శక్తి సుమారు 7 శాతము పెరుగును. 1901 మొదలు 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. 1950 – 2015 నడుమ మధ్య భారతమున ఒక్క దినములో 150 మిల్లీమీటర్లకు మించి కురిసిన వానలు సుమారు 75 శాతము అధికమైనవి. కుండపోతలు ఎక్కువై, నడుమ నడుమ ఎండదినములు పొడవగుచున్నవి. హిమాలయ నదులకు వేసవిలో మంచు కరగి కొంత ఆధారమగును. మన తూర్పు కనుమల నదులకు అట్టి నిధి లేదు. ఋతుపవనమే తల్లియు, తండ్రియు.

ఒక్క కరవునకో, ఒక్క తుపానునకో భూతాపమొక్కటే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పరు. 2023లో ఎల్ నినోయు తోడైనది; ఆ యేటి ఆగస్టు 1901 తరువాత మన దేశమున అన్నిటికంటె వానలు తక్కువైన ఆగస్టు. దాని ఫలితముగా 2023–24లో దేశపు జలవిద్యుదుత్పత్తి ముందటి యేటికంటె సుమారు ఆరవ వంతు తగ్గినది. 2024లో ఆఫ్రికాలోని జాంబియా దేశమున కరీబా జలాశయము అడుగంటగా, ప్రజలు దినములో చాలభాగము విద్యుత్తు లేక గడపవలసివచ్చినది.

అతివృష్టి సంగతి మన జిల్లావారికి వేరుగ చెప్ప నక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినది. ఆ నెల చివరనే మరల కుండపోత కురిసి జిల్లా జలమయమైనది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు రుషికుల్య, వంశధార రెండును పొంగినవి. ఆ నీరు రెండు మూడు దినములలో సముద్రము పాలైనది. 1866 కరవు తరువాత, 19వ శతాబ్దపు చివరి దశకములలో సొరడ, రసెల్‌కొండ (నేటి భంజనగర్) జలాశయములను, కాలువలను కట్టినవారు ఇట్టి నీటిని కొంతయైన నిలుపవలెననియే కట్టిరి.

అయితే జలాశయాధికారి పని సులభమని యెంచరాదు. మహానదిపై 1957లో ప్రారంభమైన హీరాకుడ్ వరదనివారణకు, సేద్యమునకు, విద్యుత్తునకు మూటికిని ఉద్దేశింపబడినది. వరదను పట్టుటకు జలాశయమున చోటు ఖాళీగా నుండవలెను; వేసవి విద్యుత్తునకు అది నిండుగా నుండవలెను. పూడిక చేరినకొలది ఆ చోటు ఏటేట ఇరుకగుచున్నది. ఆగస్టు చివర నీరు వదలివేసిన పిమ్మట సెప్టెంబరు వానలు తప్పిపోయిన యెడల రైతు తిట్టును. వదలకుండ నిలిపిన తరువాత పెద్దవాన వచ్చిన యెడల డెల్టా మునుగును. 2011 సెప్టెంబరులో మహానది డెల్టా మునిగినప్పుడు ఈ వివాదమే చెలరేగినది. పూర్వపు లెక్కల ననుసరించి వ్రాసిన నీటిమట్టపు నియమములు నేటి వానలకు సరిపోవునా యని ఇంజనీర్లు మరల లెక్కించుకొనవలసి యున్నది. బలిమెలలో ఆ లెక్కకు మరియొక చిక్కు కలదు. నీరు తక్కువైన యేట సరిసగము పంచినను, ఒడిషాకు మల్కనగిరి పొలములును, ఆంధ్రకు గోదావరి డెల్టాయు ఎదురుచూచుచుండును. రెండు రాష్ట్రములకును సాయంకాలపు దీపములు వెలుగవలసిన గడియయు ఒక్కటియే.