నేలనెమలి: వానతో వచ్చి గడ్డిలో బతికే పక్షి

నైరుతి రుతుపవనాలు మాళ్వా పీఠభూమిని తడిపిన కొద్ది వారాలకే పశ్చిమ మధ్యప్రదేశ్‌లోని బీడుభూములు పచ్చబడతాయి. గడ్డి మోకాలెత్తుకు ఎదిగాక, ఒక మబ్బు పట్టిన ఉదయాన ఆ పచ్చదనం నడుమ నుండి నల్లని పక్షి ఒకటి హఠాత్తుగా మనిషి ఎత్తుకు ఎగురుతుంది. క్షణకాలం రెక్కలు కొట్టుకొని, తిరిగి అదే చోట దిగి గడ్డిలో మాయమవుతుంది. కొంతసేపటికి మళ్లీ ఎగురుతుంది. ఆ ప్రాంత ప్రజలు దీనిని ‘ఖర్‌మోర్’ అంటారు. గడ్డినెమలి అని దాని అర్థం. తెలుగులో దీని పేరు ‘నేలనెమలి’.

ఈ తెలుగు పేరు కొత్తగా కల్పించినది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసి, కొంతకాలం నెల్లూరులో నివసించిన జెర్డన్, భారతదేశపు పక్షులను గురించి రచించిన గ్రంథంలో దీనిని నమోదు చేశాడు. తమిళంలో దీనిని ‘వరగుకోళి’ అన్నారు. వరగు అంటే అరికె. అరికె చేలలో తిరిగే కోడి అన్నమాట. ఉత్తరాదివారు, తెలుగువారు కూడ ఈ పక్షిని చూసి నెమలినే తలచుకోవడం విశేషం. ఇన్ని భాషలలో పేరు పొందిన పక్షి ఒకప్పుడు ఎంత విస్తారంగా సంచరించి ఉండాలో ఊహించవచ్చు. నేడు ఆ పేరు విన్నవారు కూడ అరుదు. పేరు మరుగున పడడానికి కారణం పక్షి మరుగున పడడమే.

రూపురేఖలు

నేలనెమలికి అసలు నెమలితో బంధుత్వం లేదు. ఇది బట్టమేక కుటుంబానికి చెందినది. భారతదేశంలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచే జాతులు ఈ కుటుంబంలో మూడు ఉన్నాయి. ఒకటి దక్కను, రాజస్థాన్ మైదానాల బట్టమేక. రెండవది హిమాలయ పాదప్రాంతపు తెరాయిలోను, అస్సాంలోను ఉండే బెంగాల్ ఫ్లోరికన్. మూడవది నేలనెమలి. మగ బట్టమేక పది కిలోలకు మించి తూగుతుంది. మగ నేలనెమలి బరువు అర కిలోకు అటూ ఇటూ మాత్రమే. ప్రపంచంలోని ఈ కుటుంబపు పక్షులన్నింటిలో ఇదే చిన్నది. భారత ఉపఖండానికి వెలుపల ఇది స్థిరంగా నివసించే చోటు లేదు.

ఈ కుటుంబపు పక్షుల పాదాలకు ముందువైపు మూడు వేళ్లే ఉంటాయి. కొమ్మను పట్టుకొనడానికి అవసరమైన వెనుక వేలు లేదు. అందుచేత నేలనెమలి చెట్టుపై వాలలేదు. తినడం, నిద్రించడం, గుడ్లు పొదగడం అన్నీ నేలమీదనే. మామూలు కాలంలో ఆడ, మగ పక్షులు రెండూ ఎండుగడ్డి రంగులో, నల్లని చారలతో ఉండి నేలలో కలిసిపోతాయి. పరిమాణంలో ఆడపక్షే పెద్దది. వర్షాకాలం సమీపించగానే మగపక్షి వేషం మారుతుంది. తల, మెడ, పొట్ట నల్లబడతాయి. రెక్కపై తెల్లని మచ్చ స్పష్టమవుతుంది. తలకు ఇరువైపులా సన్నని రిబ్బనుల వంటి ఈకలు మొలిచి వెనుకకు వంగుతాయి. వాటి కొసలు గరిటె ఆకారంలో వెడల్పుగా ఉంటాయి.

గెంతుటలోని అంతరార్థం

ఎత్తైన గడ్డిలో నిలిచిన చిన్న పక్షి తన ఉనికిని జతపక్షికి తెలుపుకొనుట ఎట్లు? ఈ సమస్యకు నేలనెమలి కనుగొన్న పరిష్కారమే గెంతు. మగపక్షి కొంత నేలను తన హద్దుగా చేసుకొని, అందులో ఎంచుకున్న చోట నిలిచి, గడ్డిని మించి ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తుకు ఎగురుతుంది. ఆ సమయంలో కప్ప అరుపును పోలిన టకటక ధ్వని వెలువడుతుంది. నల్లని దేహం, తెల్లని రెక్కమచ్చ దూరానికి కనిపిస్తాయి. కనిపించకపోయినా ధ్వని వినిపిస్తుంది. ఉదయం, సాయంకాలం ఈ గెంతులు ఎక్కువ. మబ్బు పట్టిన రోజున దినమంతా సాగుతాయి. ఒక్క రోజులో ఐదు వందల సార్లకు పైగా గెంతిన పక్షులను పరిశీలకులు లెక్కించారు. 1980వ దశకంలో ఈ పక్షిపై విశేషమైన కృషి చేసిన శాస్త్రజ్ఞుడు రవి శంకరన్.

జతకట్టిన తరువాత మగపక్షి బాధ్యత ముగుస్తుంది. ఆడపక్షి ఒంటరిగా గుబురుగడ్డిని ఎంచుకొని, నేలమీదనే సాధారణంగా మూడు, నాలుగు గుడ్లు పెడుతుంది. గూడు కట్టదు. ఇంచుమించు మూడు వారాలు పొదుగుతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్లలు త్వరలోనే తల్లి వెంట నడుస్తాయి. మిడతలు, పేడపురుగులు, చీమలు, ఉసిళ్లు వీటి ముఖ్యాహారం. చిన్న కప్పలు, తొండలు, లేతచిగుళ్లు, గింజలు కూడ తింటాయి. మిడతలు గడ్డిలో సమృద్ధిగా లభించే కాలమూ, పిల్లలు ఎదిగే కాలమూ ఒకటే కావడం ప్రకృతి కూర్చిన పొందిక.

జూలై నుండి సెప్టెంబరు వరకు గల ఈ మూడు మాసాలే జాతి మనుగడకు ఆధారం. గుజరాత్, ఆగ్నేయ రాజస్థాన్, పశ్చిమ మధ్యప్రదేశ్ ప్రాంతాలు ప్రధాన స్థావరాలు. వానలు వెనుదిరిగి గడ్డి ఎండగానే పక్షులు చెల్లాచెదరై దక్షిణ, ఆగ్నేయ దిశలకు దక్కను వైపు సాగిపోతాయి. అప్పుడు గెంతులు ఉండవు, నల్లని వేషమూ ఉండదు. అందుచేత వాటిని గుర్తించడం బహు కష్టం.

క్షీణతకు కారణాలు

మగపక్షి గెంతే ఒకప్పుడు దానికి ప్రాణాంతకమైనది. తనంత తాను చోటును చూపే పక్షిని కాల్చడం సులభం. ఆంగ్లేయుల కాలంలో వేటగాళ్లు ఈ గెంతును గుర్తుగా చేసుకొని అసంఖ్యాకంగా వేటాడారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన 1972 తరువాత వేట నిషిద్ధమైనది. చట్టం తొలి షెడ్యూలులోనే ఈ పక్షికి స్థానం లభించింది. అయినా సంఖ్య తగ్గుతూనే వచ్చింది. 1982లో 4,374గా అంచనా వేసిన పక్షుల సంఖ్య 1989 నాటికి 1,672కు పడిపోయింది. నడుమ వచ్చిన వరుస కరువులలో గడ్డి మొలవక సంతానోత్పత్తి దెబ్బతిన్నది. 1994లో అంచనా 2,206కు పెరిగింది. అంటే వానలు అనుకూలిస్తే జాతి కోలుకోగలదని తేలింది. కాని వాన కురిసినా మొలవడానికి గడ్డిభూమి మిగలాలి కదా! 2017-18 సర్వేలో మగపక్షుల అంచనా కొద్ది వందలకే పరిమితమైనది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

గడ్డిభూములు ఎట్లు పోయాయి? 1970వ దశకం నుండి మాళ్వాలో సోయాచిక్కుడు సాగు విస్తరించింది. నల్లరేగడి బీడులు నాగలి కిందికి వచ్చాయి. మిగిలిన చోట్ల పశువుల మేత మితిమీరింది. పైరుపై చల్లే పురుగుమందు మిడతను చంపుతుంది. మిడత లేని చేనిలో నేలనెమలి పిల్ల ఆకలికి గురవుతుంది. ఊరకుక్కలు గుడ్లను, పిల్లలను తింటాయి. విద్యుత్ తీగలు మరొక ప్రమాదం.

‘బీడు’ అనే మాట

వీటన్నిటి వెనుక ఒక భావన ఉన్నది. తెలుగులో బీడు అంటే సాగులేని నేల. ఆ మాటలోనే పనికిరానితనం ధ్వనిస్తుంది. రాజస్థాన్‌లో ‘బీడ్’ అంటే పశుగ్రాసం కోసం కాపాడుకునే గడ్డిభూమి. గుజరాత్‌లో ఇటువంటి నేలను ‘వీడీ’ అంటారు. పూర్వపు సంస్థానాలలో ఈ భూములకు కాపలా ఉండేది. వానాకాలమంతా పశువులను రానీయక, వానలు తగ్గిన తరువాత గడ్డి కోసి కరువుకు నిల్వచేసేవారు. ఆ కట్టుబాటు పశువుల కోసమే ఏర్పడినా, పక్షికి సరిగ్గా ఆ మూడు మాసాల ప్రశాంతతను కల్పించింది. పక్షికీ రైతుకూ ప్రయోజనం ఒకటే కావడం అక్కడ గమనించదగిన విషయం. గడ్డిభూమిని బంజరుగా పరిగణించి దున్నినా, దానిలో దట్టంగా చెట్లు నాటినా నేలనెమలికి ఇల్లు పోయినట్లే. అడవికి చెట్టు ఎట్లో, గడ్డినేలకు చెట్టు లేకపోవడం అట్లు సహజ లక్షణం.

రక్షణ ప్రయత్నాలు

పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ సూచన మేరకు మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1983లో రత్లాం జిల్లాలోని సైలానా వద్ద ఖర్‌మోర్ అభయారణ్యం నెలకొల్పింది. అదే సంవత్సరం ధార్ జిల్లాలోని సర్దార్‌పూర్ కూడ అభయారణ్యమైనది. గుజరాత్‌లో కృష్ణజింకలకు ప్రసిద్ధి పొందిన వెలావదర్ జాతీయోద్యానవనపు గడ్డిమైదానం ఈ పక్షికీ ముఖ్యమైన ఆశ్రయం. ఆంధ్రప్రదేశ్‌లో బట్టమేక కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం దక్షిణాదిలో నేలనెమలి కనిపించిన కొద్ది చోట్లలో ఒకటి.

కాని పక్షులు హద్దురాళ్లను గుర్తించవు. నేలనెమళ్లలో అనేకం అభయారణ్యాల వెలుపల, పెసర, మినుము, జొన్న, సోయాచిక్కుడు చేలలోనే గెంతుతాయి, గుడ్లు పెడతాయి. అక్కడ అటవీ సిబ్బంది కంటె ముందుగా పక్షిని చూసేది రైతే. దీనిని గ్రహించి మధ్యప్రదేశ్ అటవీశాఖ, పక్షి జాడను తెలిపి కాపాడిన రైతులకు బహుమతి ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. గూడు ఉన్న మూలను కొద్ది వారాలు కోయక విడిచిపెట్టడం, గడ్డికోతను పిల్లలు ఎదిగేవరకు వాయిదా వేయడం, ఆ మూడు మాసాలు పురుగుమందు తగ్గించడం వంటివి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కావలసినది సకాలంలో సమాచారం, రైతుకు నష్టపరిహారం.

ఒక రాష్ట్రంలో పుట్టిన పిల్ల మరొక రాష్ట్రపు చేలలో శీతాకాలం గడుపుతుంది. గుజరాత్ వీడీని కాపాడి దక్కను బీడును దున్నివేస్తే ఫలితం సగమే. అందువల్ల ఈ చిన్న పక్షి రక్షణ ఏ ఒక్క రాష్ట్రానికో సంబంధించిన పని కాజాలదు. దాని దారిలో ఉన్న రాష్ట్రాలన్నీ కలిసి నిర్వహించవలసిన కర్తవ్యం. రానున్న ఆషాఢంలోనూ మాళ్వా గడ్డిపై ఆ నల్లని పక్షి ఎగిరి కనిపించాలంటే, బీడు అనే మాటకు రాజస్థాన్ పశుపాలకుడు ఇచ్చిన అర్థాన్ని తక్కిన దేశం కూడ గ్రహించవలసి ఉన్నది.